సమాధానం: ప్రొద్దుటూరు పాత మిద్దె, మరమ్మతుల లెక్క

అన్నా, తాతల నాటి పెద్ద మిద్దె, అన్నదమ్ములు తలా ఒక ఊళ్లో, ఎవరు ఎప్పుడు ఏం బాగుచేయించారో ఎవరికీ తెలీదన్నారు. మీకు కావాల్సింది ఒక లాంగ్ నోట్‌బుక్, దాన్ని చూసుకునే ఒక్క మనిషి. అందరి పనీ అంటే ఎవరూ చేయరు.

తేదీల వరుసలో రాయొద్దు. గదికి నాలుగు పేజీలు, మిద్దె పైకప్పుకు పది వదలండి. ఏ పని, ఏ మేస్త్రి, ఎంత ఖర్చు రాసి, రసీదు అక్కడే అంటించండి. గోడలో పైపు, వైరు వేస్తే పూత పూయకముందే కొలత టేపు ఆనించి ఫొటో తీయండి. పుస్తకం ఇల్లు దాటకూడదు. పేజీల ఫొటోలు మాత్రం ఇంటి గ్రూపులో పెట్టండి.

ఏడాదికి రెండుసార్లు చూడాలి. మే చివర ఒకసారి, ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబరు చివర ఇంకోసారి. మీది చవుడు మిద్దె, అంటే పైన చవుడు మట్టి పరిచిన కప్పు కాబట్టి పైన మొలకలు పీకి, తూముల్లో చెత్త తీసి, గవాచి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) చుట్టూ పగుళ్లు చూడండి. అన్నిటికన్నా ముఖ్యం దూలాలు గోడలోకి దిగే చోటు. తేమ అక్కడే నిలుస్తుంది, చెదలు అక్కడే పట్టుకుంటాయి. టార్చి వేసి, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే వడ్రంగిని పిలవాల్సిందే.

కడప బండలను యాసిడ్‌తో మాత్రం కడిగించొద్దు, దయచేసి. అది సున్నపురాయి, నునుపు పోతుంది. ఈ మాట పనివాళ్లకు కనబడేలా పుస్తకం అట్ట మీదే రాయండి.