‘గెట్’ అంటే ‘పొందు’ మాత్రమే కాదు

ఇంగ్లీషు క్రియ ‘గెట్’ (get; భూతకాలంలో ‘గాట్’, got)కు ‘పొందు’ అనే ఒక్క అర్థాన్నే పట్టుకుంటే ‘హి గాట్ ద వాల్ పెయింటెడ్’ (He got the wall painted) లాంటి వాక్యం కొరుకుడు పడదు. ఈ క్రియకు సొంత అర్థం చాలా పలుచన. దాని తర్వాత ఏముందో చూడండి.

1. నామవాచకం ఉంటే: అందడం, దొరకడం, తెచ్చుకోవడం. ‘గాట్ ఎ లెటర్’: ఉత్తరం అందింది.

2. చోటును చెప్పే మాట ఉంటే: చేరడం. ‘గాట్ హోమ్’: ఇల్లు చేరాడు.

3. విశేషణం ఉంటే: స్థితి మారడం. ‘గాట్ వెట్’: తడిసిపోయాడు. ‘గాట్ యాంగ్రీ’: కోపం వచ్చింది.

4. నామవాచకం, దాని వెనుక క్రియ మూడో రూపం ఉంటే: చాలామంది జారిపోయేది ఇక్కడే. మొదటి నామవాచకం దగ్గరే ఆగిపోయి ‘గోడను పొందాడు’ అనుకుంటారు. వాక్యం చివరిదాకా వెళ్లండి. ‘పెయింటెడ్’ కనబడగానే మన ‘ఇంచు’ ప్రత్యయాన్ని గుర్తు చేసుకోండి: గోడకు రంగు వేయించాడు. వేశాడు కాదు, వేయించాడు. తెలుగులో ఒక్క ప్రత్యయం చేసే పనిని ఇంగ్లీషు ఇక్కడ ‘గెట్’తో చేయిస్తుంది, ఎంత చక్కని పోలికో చూడండి!

మధ్యలో నామవాచకం లేకుండా నేరుగా మూడో రూపం వస్తే సాధారణంగా ‘పడు’ సరిపోతుంది. ‘గాట్ కాట్’: పట్టుబడ్డాడు.

‘గాట్ ఇట్’ మాత్రం విడిగా గుర్తుంచుకోండి. సంభాషణలో అది ఎక్కువగా ‘అర్థమైంది’ అనే అర్థంలోనే వస్తుంది.