మిర్యాలగూడలో కొన్న పాత కారు: ఏవి ముందు మార్చాలి?

సర్వీసు పుస్తకం లేకుండా 60,000 కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారు కొన్నానని, స్పార్క్ ప్లగ్గులు (ఇంజన్‌లో పెట్రోలును నిప్పురవ్వతో మండించేవి), ఆయిళ్లు అన్నీ ఇప్పుడే మార్చాలా అని అడిగారు. ఇంజన్ ఆయిల్, దాని ఫిల్టరు, బ్రేక్ ఆయిల్ ఈ వారమే మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి, బండి తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

నాకు ఎక్కువ భయం కూలెంట్, అంటే రేడియేటర్‌లో పోసే, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం గురించే. మన వైపు బోరు నీళ్లలో సున్నం ఎంతో బిందె అడుగు చూస్తే తెలుస్తుంది. పాత యజమాని అవే రేడియేటర్‌లో పోసి ఉంటే, మే నెల ఎండలో హైదరాబాద్ దారిలో ఇంజన్ వేడెక్కడానికి అది చాలు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. నీళ్లు తుప్పు రంగులో ఉంటే లోపలంతా కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కొత్త కూలెంట్ పోయించండి.

ప్లగ్గులు మాత్రం విప్పి చూశాకే నిర్ణయించండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా మండుతున్నట్టే. పొడి మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టరూ చూపించండి. ఆయిల్ తడి ఉంటే కొత్త ప్లగ్గులతో పోదు, ఇంజన్‌నే పరీక్ష చేయించాలి. మామూలు నికెల్ ప్లగ్గులైతే 40,000 దాటాక మార్చేయడమే మేలు. ఇరిడియం అయితే సాధారణంగా లక్ష దాకా వస్తాయి. ఏ రకమో ప్లగ్గు మీది నంబరు చూపిస్తే విడిభాగాల షాపులో చెబుతారు.