కెనడాకి కుటుంబంతో కొత్తగా వస్తే అద్దె ఇల్లు దొరకడం అంత కష్టమా?

"పీఆర్ (కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, ఇద్దరు పిల్లలతో టొరంటో వైపు వస్తున్నాం, చేతిలో ఉద్యోగం లేదు, ఇల్లెవరైనా ఇస్తారా" అని అడిగారు. ఇస్తారు, కానీ ఏడిపించి ఇస్తారు. మేమూ అలాగే టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో దిగాం కాబట్టి, ఈ రెండూ ఉన్న ఒంటారియో ప్రావిన్సు సంగతే చెబుతాను, మిగతా ప్రావిన్సుల రూల్స్ వేరు.

ఇక్కడ ఇళ్ళు లేక కాదు, మన దగ్గర కాగితాలు లేకే కష్టం. జాబ్ లెటర్, పే స్లిప్పులు, క్రెడిట్ స్కోర్ అడుగుతారు. నిన్న విమానం దిగినవాళ్ళు అవి ఎక్కణ్ణించి తెస్తారు? హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి ఈఎంఐలు తప్పకుండా కట్టిన సిబిల్ స్కోరు ఇక్కడ ఎవరూ చూడరు.

ఒక బేస్‌మెంట్ చూడటానికి వెళ్ళాం, మంచి చలికాలం. కిటికీ చిన్నదే అయినా ఇల్లు శుభ్రంగా ఉంది, మా అమ్మాయి అప్పటికే తన పుస్తకాలు ఏ మూల పెట్టుకోవాలో చూసుకుంది. అంతా అయ్యాక ఓనర్ "మీకు క్రెడిట్ హిస్టరీ లేదు కదా, ఆరు నెలల అద్దె ముందే క్యాష్‌గా ఇవ్వండి, మిగతాదానికి పోస్ట్ డేటెడ్ చెక్కులు" అన్నాడు. పిల్లల్ని చూస్తే నాకు ఇచ్చేద్దామనే అనిపించింది. మా ఆవిడ మాత్రం "రసీదు ఇస్తారా? ప్రభుత్వం ఇచ్చిన అద్దె ఒప్పందం ఫారం, అదే స్టాండర్డ్ లీజ్ మీద సంతకం పెడతారా?" అని అడిగింది. ఆయన మొహం మారిపోయింది, ఇలాంటివి అడిగేవాళ్ళకి ఇవ్వనన్నాడు. పాపని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురావడమే కష్టమైంది.

మా ఆవిడ అడిగిందే న్యాయం. ఒంటారియోలో ఓనర్ మొదటి నెల అద్దె, దానితోపాటు చివరి నెల అద్దె డిపాజిట్‌గా అడగొచ్చు, అంతే. పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇచ్చి తీరాలనకూడదు, డ్యామేజ్ డిపాజిట్ అసలే తీసుకోకూడదు. ఆ లీజ్ ఫారం 2018 ఏప్రిల్ 30 నుంచి తప్పనిసరి. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననడం కూడా మానవ హక్కుల కోడ్ ప్రకారం తప్పే. కాకపోతే ఓనర్‌తో వంటగదో బాత్రూమో పంచుకునే ఇంట్లో చేరితే ఈ అద్దె రూల్స్ మీకు వర్తించవు, ఇది ముందే గుర్తుపెట్టుకోండి.

నాకు కోపం వచ్చేది మన వాట్సాప్ గ్రూపుల మీద. "అందరూ ఇస్తున్నారు, మీరూ ఇచ్చేయండి" అని సలహా. ముందు వచ్చినవాళ్ళు మాట్లాడకుండా ఇచ్చారు కాబట్టే తర్వాత వచ్చేవాళ్ళని అంత ధైర్యంగా అడుగుతున్నారు. కొత్తవాళ్ళకి డబ్బు సర్దమని చెప్పేబదులు, ఇల్లు చూడటానికి తోడు వెళ్ళి ఈ రూల్ చెప్పేవాళ్ళు ఒక్కరుంటే చాలు.

చివరికి మాకు ఇల్లు దొరికింది ఒక పెద్దావిడ దగ్గర. బ్యాంక్ స్టేట్‌మెంట్లతో పాటు హైదరాబాద్‌లోని మా పాత హౌస్ ఓనర్ ఇంగ్లీషులో రాసిచ్చిన లెటర్, ఆయన ఫోన్ నంబర్ ఇచ్చాం. ఆవిడ నిజంగానే ఆయనకి ఫోన్ చేసి మాట్లాడింది! మీరూ బయల్దేరేముందే అలాంటి లెటర్ రాయించుకోండి. ఫోటోలు చూసి అక్కణ్ణించే అడ్వాన్స్ మాత్రం పంపకండి, కొన్నాళ్ళు తెలిసినవాళ్ళింట్లో ఉండైనా సరే, ఇల్లు కళ్ళతో చూశాకే డబ్బు ఇవ్వండి.