టీవీ డిబేట్‌కి కూర్చోబోతున్న మా మేనకోడలికి

అమ్మీ,

మీ నాన్న నిన్న ఫోన్ చేసి “అప్పా, దీన్ని టీవీ డిబేట్‌కి పిల్చారంట, ఆడపిల్ల రాజకీయాలు మాట్లాడితే ఏటేటో అంటారు, వద్దని నువ్వైనా చెప్పు” అన్నాడు. నేను వెళ్ళమనే చెప్తున్నాను. ఎచ్చెర్ల నుంచి గెలిచిన ప్రతిభా భారతి గారు 1999లో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీకి స్పీకర్ అయ్యారు, మొదటి మహిళా స్పీకర్ మన శ్రీకాకుళం జిల్లా ఆవిడే, సభనిండా మగాళ్ళుంటే ఆవిడ కూర్చోండి అంటే కూర్చున్నారు. అదే మీ నాన్నకీ చెప్పాను. ఇంక నీకు చెప్పాల్సినవి చెప్తాను, కాలేజీలో పాలిటిక్స్ చెప్పుకుంటూ విశాఖ స్టూడియోలకి, తర్వాత ఇక్కడ విజయనగరంలో ఇంట్లోంచే వీడియోలో చాలా డిబేట్లలో కూర్చున్నదాన్ని కాబట్టి ఇవి నాకు తెలుసు.

ముందు టాపిక్ అడుగు. ఎవరిమీదో అత్యాచారం జరిగితేనో, ఏ ఎమ్మెల్యేనో ఆడవాళ్ళని నోటికొచ్చినట్టు అంటేనో మాత్రమే నిన్ను పిలుస్తున్నారా అని చూసుకో. దానికి వెళ్ళొద్దనను, కానీ కోఆర్డినేటర్‌తో గట్టిగా చెప్పు, వంశధార నీళ్ళ మీద, మూలపేట పోర్టు మీద, భోగాపురం ఎయిర్‌పోర్టుకి భూములిచ్చినవాళ్ళ మీద, బడ్జెట్ మీద కూడా పిలవండి నేను చదివి వస్తాను అని. సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దని బీల (చిత్తడి) భూముల కోసం జనం నిలబడితే 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ఆ ఉద్యమంలో ముందు వరసలో ఉన్నది ఆడవాళ్ళే, కానీ టీవీలో ఆ ప్లాంటు గురించి లెక్కలు మాట్లాడింది ఎవరు? లెక్క మగాళ్ళు చెప్తారు ఏడుపు ఆడవాళ్ళు చూపిస్తారు అన్నట్టుంటాది మన టీవీ. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల మీద ప్రోగ్రాం వేసినా అంతే, ఆ ఊరి ఆడమనిషి బిందె పట్టుకుని నిలబడ్డ బొమ్మ ఉంటాది గానీ ఆవిణ్ణి మంచినీళ్ళ స్కీము ఎక్కడ ఆగింది అని ఒక్కరూ అడగరు. నువ్వు ఆ లెక్క చెప్పే కుర్చీలో కూర్చో.

ఇంట్లోంచి మాట్లాడితే ఒక సంగతి గుర్తుంచుకో, నీ మైకు నీ చేతిలో ఉండదు. కంట్రోల్ రూమ్‌లో నీ సౌండ్ తగ్గించీగలరు, తెర మీద ఆరు డబ్బాలుంటాయి, కింద మూల డబ్బాలో నీ పెదాలు కదుల్తుంటాయి గానీ చూసేవాళ్ళకి మాట రాదు, ఆ సంగతి నీకు తెలీదు, నువ్వు బాగా చెప్పాననే అనుకుంటావు. అందుకని పక్క గదిలో మీ ఆయన్ని గానీ ఎవరినైనా గానీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఛానెల్ యూట్యూబ్ లైవ్ చూడమను, నీ మాట రాకపోతే వచ్చి చెయ్యి ఊపమను. లైవ్ కొంచెం లేటుగా వస్తాది, అయినా తెలుస్తాది. అప్పుడు యాంకర్‌ని ఆపి “నా ఆడియో కట్ అయింది, ఆ పాయింటు మళ్ళీ చెప్తాను” అను. మొహమాటపడకు. అసలు పాయింటు మొదటి వాక్యంలోనే చెప్పీ, నాలుగో వాక్యం దాకా నిన్ను ఉంచుతారన్న నమ్మకం లేదు. అరవకు. మగాడు అరిస్తే ఆవేశం, ఆడది అరిస్తే గయ్యాళి అని థంబ్‌నెయిల్ పెడతారు, ఇది అన్యాయమే, కానీ నీ పాయింటు జనానికి చేరడం ముఖ్యం. మధ్యలో దూరితే “నా నిమిషం అవలేదు” అని చెప్పి ఆపిన చోట ఏ మాట ఉందో ఆ మాట నుంచే ఎత్తుకో.

ఇప్పుడు మీ నాన్న భయపడే సంగతి. నీ చీర గురించో, నీ సంసారం గురించో, ఇంకా నీచంగానో ఎవడైనా అంటే అక్కడే ఒక్కసారి చెప్పు, “ఇప్పుడు టైము 7 గంటల 42, ఈ మాట మీద రాతపూర్వకంగా కంప్లైంట్ ఇస్తున్నాను” అని, చెప్పి మళ్ళీ సబ్జెక్టులోకి వచ్చీ. తర్వాత నిజంగానే ఇవ్వాలి, చాలామంది ఇక్కడే ఒగ్గేస్తారు. కేబుల్ టీవీ రూల్స్ 1994లో 6వ రూలే ప్రోగ్రాం కోడ్, ఆడవాళ్ళని కించపరిచేలా చూపించడం, పరువు తీసే మాటలు, సగం నిజాలు అన్నీ అందులో నిషేధమే. 2021 జూన్‌లో ఆ రూల్స్‌లో కంప్లైంట్లకి మూడు మెట్ల పద్ధతి పెట్టారు. ముందు ఛానెల్‌కే రాయాలి, వాళ్ళు 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి, నచ్చకపోతే 15 రోజుల్లోపు ఆ ఛానెల్ మెంబరుగా ఉన్న బ్రాడ్‌కాస్టర్ల సంస్థకి అప్పీలు, అది 60 రోజుల్లో తేల్చాలి, అక్కడా అవకపోతే కేంద్ర ప్రభుత్వానికి. న్యూస్ ఛానెళ్ళ సంఘం ఎన్‌బీడీఏ, కంప్లైంట్లు చూడ్డానికి అది పెట్టుకున్న సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏ అని ఉంది, ఛానెల్ ఆ సంఘంలో మెంబర్ అయితే ప్రసారమైన 7 రోజుల్లోపే ఛానెల్‌కి కంప్లైంట్ పడాలి, కాబట్టి ఏ ఛానెలైనా నువ్వు 7 రోజులు దాటనివ్వకు. తేదీ, టైము, అన్న మాట అక్షరం పొల్లుపోకుండా, ఏ క్లాజు తప్పారు, ఇంతే రాయి, కోపం రాయకు. ప్రసారమైనది 90 రోజులు ఛానెల్ దగ్గర దాచి ఉండాలి, అయినా నీ రికార్డింగ్ నీ దగ్గర ఉంచుకో, యూట్యూబ్‌లో రాత్రికి రాత్రే ఆ ముక్క కోసీగలరు.

మన ఊళ్ళలో లోకల్ కేబుల్ ఛానెల్ అయితే జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన మానిటరింగ్ కమిటీ ఉండాలి, ఎస్పీతో పాటు ఒక మహిళా కాలేజీ ప్రిన్సిపాల్, ఆడవాళ్ళ కోసం పనిచేసే సంస్థ నుంచి ఒకరు అందులో ఉండాలి. అది ఉందా, ఎప్పుడు కూర్చుంది అని కలెక్టరేట్‌లో ఆర్టీఐ వెయ్యి, లాయరువి కదా.

కానీ ఒక్కటి గట్టిగా చెప్తాను. కంప్లైంట్ వేరు, ఛానెల్ మూసీండి అనడం వేరు, రెండోది ఎప్పుడూ అడక్కు. 2025 జూన్‌లో ఒక తెలుగు ఛానెల్ డిబేట్‌లో అమరావతి ఆడవాళ్ళని అనకూడని మాట అన్నారు, అది ఘోరమైన మాటే, నాకూ ఒళ్ళు మండింది, కానీ యాంకర్‌ని అరెస్టు చేశారు, సుప్రీంకోర్టు వెళ్తేగానీ బెయిల్ రాలేదు, ఇంక అక్కణ్ణుంచి గొడవంతా ఆ పార్టీకీ ఈ పార్టీకీ మధ్య అయిపోయింది. తిట్టు తిన్న ఆడవాళ్ళని స్టూడియోలో కూర్చోబెట్టి మీ భూమి సంగతేటి అని అడిగినట్టు నేను చూడలేదు. ఆడవాళ్ళ గౌరవం పేరు చెప్పి సర్కారు చేతికి కత్తెర ఇస్తే అది ముందు కోసేది గట్టిగా అడిగే ఆడదాని మాటే. 2014లో తెలంగాణలో రెండు ఛానెళ్ళు కేబుల్‌లో ఆగిపోయాయి, 2024లో ప్రభుత్వం మారాక మన దగ్గరా కొన్ని ఆగాయి, పార్టీ ఏదైనా అలవాటు ఒకటే. 2023 నవంబర్‌లో కేంద్రం బ్రాడ్‌కాస్టింగ్ బిల్లు డ్రాఫ్ట్ పెట్టింది, 2024లో వచ్చిన కొత్త డ్రాఫ్ట్‌లో యూట్యూబ్‌లో వార్తలు మాట్లాడేవాళ్ళ దాకా పట్టుకోవాలనుకున్నారు, గోల అయ్యాక ఆ ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ వస్తే క్లాజు క్లాజూ చదివి అభిప్రాయం పంపు. 1995లోనే సుప్రీంకోర్టు, మన తెలుగు జడ్జి బి.పి. జీవన్ రెడ్డి గారు కూడా ఆ బెంచిలో ఉన్నారు, టీవీ, రేడియో ప్రసారాలు నడిచే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పి, ప్రభుత్వం గుప్పిట్లో లేని సంస్థ వాటిని చూసుకోవాలంది. అది అడగాలి మనం, మూసేయడం కాదు.

ఇంకా బాధేటంటే రేడియో. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత ఆడవాళ్ళు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు, విత్తనాలు, పంటలు, పాటలు అన్నీ వాళ్ళ యాసలోనే, కానీ ఇలా ఊరివాళ్ళే నడుపుకునే రేడియోలకి పెట్టిన 2006 కమ్యూనిటీ రేడియో పాలసీలో రాజకీయ వార్తలు చెప్పకూడదని ఉంది. ప్రైవేట్ ఎఫ్ఎంకి కూడా సొంత వార్తలు లేవు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వెయ్యాలి. అంటే ఊళ్ళో ఆడమనిషి తన మైకులో ఎరువు గురించి చెప్పొచ్చు, ఆ ఎరువు ఎందుకు దొరకలేదో మంత్రిని అడిగితే రూల్ అడ్డం. ఛాన్స్ దొరికితే డిబేట్‌లో ఇది ఎత్తు, ఎవరూ ఎత్తరు.

మన యాస మార్చుకోకు. “ఏటి” అన్నావని ఎవడైనా నవ్వితే నవ్వనీ, నువ్వు వాక్యం పూర్తి చెయ్యి.

ఛానెల్ వాళ్ళు టాపిక్ పంపగానే నాకు వాట్సాప్ చెయ్యి, కాగితాలు నేనూ వెతుకుతాను, కంప్లైంట్ రాయాల్సొస్తే ఆ రాత్రికే డ్రాఫ్ట్ పంపు, తెల్లారేసరికి చూసి ఇచ్చీస్తాను.

మీ అత్త