హోటల్లా మెరవక్కర్లేదమ్మా, కాలు ఆగితే చాలు

ప్రశ్న: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తాతల నాటి మండువా లోగిలి ఖాళీగా పడి ఉంటే, పన్నెండు మంది పెద్దవాళ్లు ఉండేలా వృద్ధాశ్రమంగా మారుద్దామని నేనూ మా తమ్ముడూ పని మొదలుపెట్టాం. పాత గచ్చు పెచ్చులూడిపోయింది. తెల్ల పాలిష్ టైల్స్ వేసి చుట్టూ నల్ల బోర్డరు ఇస్తే హోటల్లా మెరుస్తుందంటున్నాడు కాంట్రాక్టరు. తమ్ముడేమో హాస్పిటల్లో నేలకి అతికించే వినైల్ (ప్లాస్టిక్ లాంటిది) షీటు మేలంటాడు. ఏది వేయించమంటారు?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: రెండూ వద్దమ్మా. ఎందుకో చెప్పాలంటే ముందు నా బుద్ధితక్కువ పని చెప్పుకోవాలి.

ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించినవాణ్ణి. మా అమ్మ బాత్రూముకి టైల్స్ నేనే ఏరాను. షాపులో చెప్పులతో తొక్కి చూశాను. “ఆయ్, అస్సలు జారదండి” అన్నాడు కుర్రాడు. నిజంగానే జారలేదు. ఆ ఏడాది భోగినాడు అమ్మ తలకి నూనె పెట్టుకుని, కుంకుడుకాయతో తలంటుకుని, లేచి ఒక్క అడుగేసింది. తుంటి ఎముక విరిగింది. నేను చూసింది పొడి టైల్ మీద చెప్పు. ఆవిడ వేసింది నూనె నీళ్ల మీద ఒట్టి కాలు.

అప్పట్నుంచి నా పరీక్ష ఒకటే. రెండు మూడు రకాల టైల్స్ శాంపిల్ ఇంటికి తెచ్చుకోండి. తడిపి, చెంచాడు కొబ్బరినూనె, కాస్త సబ్బు నురగ వేసి, కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని ఒట్టి మడమతో ఒత్తి చూడండి. మడమ జరిగిందా, ఆ టైల్ ఎంత బాగున్నా వెనక్కి ఇచ్చేయండి.

కేటలాగులో ఆర్9 నుంచి ఆర్13 దాకా ఒక నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ జారడం తగ్గుతుంది. గదులకి ఆర్10, స్నానాల గదులకి ఆర్11 అడగండి. అయితే అది బూట్లేసుకున్న మనిషిని నూనె పోసిన వాలు మీద నడిపించి ఇచ్చే నంబరు. ఒట్టి కాళ్లకి సబ్బు నీళ్లతో చేసే పరీక్ష వేరే ఉంది. దాని గ్రేడులు ఎ, బి, సి. స్నానాల గదికి కనీసం బి ఉండాలి. షాపువాడికి ఆ సంగతి తెలియకపోతే నా మడమ పరీక్షే గతి. అలాగని మరీ గరుకుది గదుల్లో వద్దు. పెద్దవాళ్లు కాలు ఈడ్చుకుంటూ నడుస్తారు, వేలు తట్టుకుంటుంది. పైగా మురికి వదలదు. బాత్రూములో పెద్ద టైల్స్ కాకుండా అడుగుకి అడుగు టైలే వేయించండి. నీళ్లు పోయే వాటం బాగా కుదురుతుంది, సందులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టూ దొరుకుతుంది. డబ్బు చాలకపోతే గదులకి పాలిష్ పెట్టని తాండూరు బండ వేసుకోండి, తప్పేం లేదు.

ఆ నల్ల బోర్డరు మాత్రం ససేమిరా వద్దు. చూపు మందగించినవాళ్లకీ, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకీ అది గుంటలాగో మెట్టులాగో కనిపిస్తుంది. దాటబోయి పడతారు. మెరిసే నేల తడిగా ఉన్నట్టు కనిపించి అడుగు వేయడానికే జంకుతారు. నేలంతా ఒకటే రంగు, మెరుపు లేకుండా ఉండాలి. గోడ రంగు వేరుగా తెలియాలి. తెల్ల నేల మీద తెల్ల కమోడ్ పెడితే ఎనభై ఏళ్ల కంటికి ఆనదు.

వినైల్ గురించి మీ తమ్ముడన్నది అబద్ధం కాదు. కాలికి మెత్తన, తుడవడం తేలిక. కానీ మన లంక నేలల్లో రెండు గజాలు తవ్వితే నీళ్లు. పాత లోగిళ్లలో గచ్చు కింద చెమ్మని ఆపే పొరేదీ ఉండదు. ఆ చెమ్మకి జిగురు వదిలి షీటు బుడగలు లేస్తుంది, అంచు లేచిన చోట కాలు తట్టుకుంటుంది. నమ్మకం లేకపోతే గజం ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, అంచులు టేపుతో మూసి ఒక రోజు ఉంచండి. కింద నీటి చుక్కలు పట్టాయంటే వినైల్ మాట మరిచిపోవచ్చు. కాలువలు కట్టేసిన వేసవిలో చేస్తే పొడిగానే ఉంటుంది, మోసపోకండి. కాలువ పారుతూ, చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు చేయాలి.

గుమ్మాల దగ్గర కొబ్బరి పీచు పట్టాలు వేస్తారు కదా, వాటికి నేలలోనే గుంట తీయించి సమంగా కూర్చోబెట్టండి. ఫినాయిల్ కలిపి తుడిచాక మంచినీళ్లతో ఇంకోసారి తుడవాలని పనివాళ్లకి చెప్పండి.

లోపలి గడపలు తీయించేయండి. సింహద్వారం గడప తీయమని మాత్రం అనను. మా ఇంట్లో ఆ మాటంటే మంచం మీదున్న అమ్మే ఒప్పుకోలేదు. దానికి లోపలా బయటా వాలు కట్టించాం. ఎత్తు అంగుళానికి అడుగు పొడవు లెక్క. మీ గడప ఆరంగుళాలుంటే ఒక్కో వైపు ఆరడుగులు వదలమని ఇప్పుడే మేస్త్రికి చెప్పండి, టైల్స్ పడ్డాక కుదరదు.