పాఠకుల ప్రశ్నలు: మామ గ్లాసులో నెయ్యి, రిపోర్టులో 168

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగానికి సగం నూనె, నెయ్యి, గుండె గురించే ఉన్నాయి. అందుకే నాలుగు ఏరి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. పేర్లు వేయట్లేదు, ఊర్లు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మా మామకు 61 ఏళ్లు, రెండేళ్ల కింద స్టెంట్ వేసినారు. ఆర్నెల్ల నుంచి ఫోన్లో వీడియోలు చూసి, కొలెస్ట్రాల్ అనేదే అబద్ధం అని మాత్రలు పక్కన పెట్టేసినాడు. అన్నం, సంగటి బాగా తగ్గించి పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద స్పూన్ల నెయ్యి కలుపుకుని తాగుతాండాడు, రాత్రికి అర లీటరు ఎనుము పాలు మీగడతో సహా. పోయిన వారం టెస్టు చేపిస్తే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 168 వచ్చింది, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) మాత్రం 230 నుంచి 140కి దిగినాయి. ఆ రెండోది చూపించి ‘చూడు తగ్గింది’ అంటాడు. మా జేజి నెయ్యి తినే తొంభై ఏళ్లు బతికింది అంటాడు. ఎదురు మాట్లాడలేను, భయంగా ఉంది.
– ఒక కోడలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, నెయ్యి సంగతి తర్వాత, ముందు మాత్రల సంగతి చూడు. స్టెంట్ వేసిన మనిషి మాత్రలు సొంతంగా ఆపేయడం చాలా ప్రమాదం. నేను డైటీషియన్‌ని, డాక్టర్ని కాదు, మాత్ర ఏది ఎంత అనేది నేను చెప్పకూడదు, కానీ ఈ పేజీ చదవడం అయిపోగానే గుండె డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో, వచ్చే నెల దాకా ఆగొద్దు. స్టెంట్ పడినవాళ్లకు ఎల్‌డీఎల్ 70 లోపల ఉండాలంటారు, చాలామంది డాక్టర్లు 55 లోపలే కావాలంటున్నారు. మీ మామది 168.

ఇంక ఆయన చూపిస్తున్న 140 సంగతి. అది నిజంగానే తగ్గింది, ఆయన అబద్ధం చెప్పట్లేదు. అన్నం, చక్కెర, మైదా తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్స్ దిగుతాయి, మనవాళ్లలో అవి ఎక్కువగా ఉండటమే మామూలు కాబట్టి అది మంచి పనే, దానికి మామను మెచ్చుకో కూడా. కానీ ఆ మేలు అన్నం తగ్గించినందుకు వచ్చింది, నెయ్యి తాగినందుకు కాదు. నెయ్యి పని పక్క లైన్లో ఎల్‌డీఎల్ దగ్గర కనిపిస్తోంది. మాత్రలు ఆపింది కూడా అక్కడే కలిసింది, రెండిట్లో దేని వాటా ఎంతో ఈ ఒక్క రిపోర్టుతో విడదీయలేం.

లోపల ఏం జరుగుతుందంటే, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాక్కోడానికి లివర్ మీద చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి, రిసెప్టర్లు అంటారు. శాచురేటెడ్ ఫ్యాట్, అంటే మన పుస్తకాల్లో సంతృప్త కొవ్వు అని రాస్తారే అది, ఎక్కువైతే ఆ తలుపులు తగ్గిపోతాయి. లోపలికి పోవాల్సిన ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతా తిరుగుతా రక్తనాళాల గోడల్లోకి దూరుతుంది, ఏళ్ల తరబడి అక్కడ పేరుకుంటుంది. నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు, మనిషి బాగానే తిరుగుతుంటాడు. అందుకే ఫోన్లో చెప్పేవాళ్ల మాట నమ్మబుద్ధి అవుతుంది.

ఇప్పుడు కొలత చూద్దాం. రోజుకు తినే మొత్తం క్యాలరీల్లో శాచురేటెడ్ ఫ్యాట్ 10 శాతం దాటకూడదని డబ్ల్యూహెచ్‌వో అంటుంది. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సిన వాళ్లు 5, 6 శాతం దగ్గరే ఆగాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అంటుంది. మీ మామ రోజుకు 1800 క్యాలరీలు తింటాడనుకుంటే, 10 శాతం లెక్కనే 20 గ్రాములు, 6 శాతం లెక్కయితే 12 గ్రాములు. పెద్ద స్పూను నెయ్యిలో శాచురేటెడ్ ఫ్యాట్ సుమారు 9 గ్రాములు ఉంటుంది, రెండు స్పూన్లకు 18. ఎనుము పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది కాబట్టి అర లీటరు మీగడతో తాగితే అక్కడ శాచురేటెడ్ ఇంకో 20. కూరలో నూనె, ఆదివారం పొట్టేలు కూర ఏవీ కలపకుండానే 38 అయింది.

మరి వీడియోలో చెప్పేదంతా అబద్ధమా అంటే, పూర్తిగా కాదు, అందుకే అది పట్టుకుంది. 1958లో అమెరికాలో యాన్సెల్ కీస్ అనే ఆయన తిండిలో కొవ్వుకు, గుండె జబ్బుకు సంబంధం చూడటానికి ఏడు దేశాల స్టడీ మొదలుపెట్టాడు. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, గ్రీస్, యుగోస్లావియా, జపాన్, వాటిల్లో మన దేశం లేదు. 1961లో టైమ్ పత్రిక ఆయన బొమ్మ అట్ట మీద వేసింది, ఆ తర్వాత కొవ్వంటేనే భయం పుట్టింది. జనం వెన్న మానేసి ఏం తిన్నారంటే, ఫ్యాట్ తక్కువ అని రాసిన బిస్కెట్లు, తెల్ల బ్రెడ్డు, చక్కెర. గుండెకు ఒరిగింది లేదు. తర్వాతి పరిశోధనల్లో కొన్ని తేడాగా వచ్చేసరికి అదే పత్రిక 2014లో అట్ట మీద వెన్న బొమ్మ వేసి వెన్న తినండి అంది. మామ చూసే వీడియోలు ఈ రెండో ముక్కను మాత్రమే చెప్తాయి. 2020లో కాక్రేన్ అనే సంస్థ పాత ట్రయల్స్ అన్నీ ఒకచోట వేసి చూస్తే, రెండేళ్లు అంతకన్నా ఎక్కువ కాలం శాచురేటెడ్ ఫ్యాట్ తగ్గించిన వాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి సుమారు 17 శాతం తగ్గాయి, మరణాల్లో మాత్రం పెద్ద తేడా కనపడలేదు. తగ్గించిన దాని స్థానంలో మంచి నూనె, గింజల కొవ్వు పెట్టినవాళ్లకు లాభం తేలింది. నెయ్యి మానేసి దాని బదులు ఇంకో రెండు దోసెలు తింటే ఏం లాభం ఉండదు, నెయ్యి తగ్గించి గుప్పెడు చెనిక్కాయలు తింటే ఉంటుంది. నేను ఇన్నేళ్లుగా పేషెంట్లకు చెప్పేది ఈ ఒక్క సంగతే, ఎంత తింటున్నావు, దేని బదులు తింటున్నావు.

జేజి గురించి కూడా అడిగావు కదా. ఆ కాలంలో మన పల్లెల్లో ఎంతమంది రోజూ గ్లాసుతో నెయ్యి తాగారు చెప్పు. వెన్న కాచి సంతలో అమ్ముకునేవాళ్లు, ఇంట్లో నెయ్యి ఓళిగల మీదికి, చంటిపిల్లల ముద్దలోకి, బాలింతకు. మిగిలిన రోజుల్లో సంగటి, పప్పు, మజ్జిగ, పొద్దున్నుంచి చేలో నడుము వంచడం.

మామతో వాదం పెట్టుకోకు తల్లీ. ‘మామా, అన్నం తగ్గించి మంచి పని చేసినావు, అది అట్నే ఉండనీ, ఈ ఎల్‌డీఎల్ సంగతి డాక్టర్ను ఒకసారి అడుగుదాం రా’ అని రిపోర్టు చేతికివ్వు. నీళ్లలో నెయ్యి ఆపి, సంగటి ముద్ద మీద ఒక చిన్న స్పూను ఉంచు, పూర్తిగా తీసేస్తే ఆయన మనసు విరిగిపోతుంది. పాలు కాచి చల్లార్చి మీగడ తీసేసి ఒక గ్లాసు చాలు, మజ్జిగ ఎంతైనా తాగొచ్చు. డాక్టర్ చెప్పినట్టు మాత్రలు మళ్లీ మొదలయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టెస్టు చేయించండి. ఆ రిపోర్టు ఆయన్నే చదవమను.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, పది ఎకరాల చెనక్కాయ. మా కాయలు మిల్లుకు అమ్మేసి ఇంటికి మాత్రం రేటు తక్కువని పామాయిల్ ప్యాకెట్లు తెస్తున్నాం. చెనక్కాయ నూనె గుండెకు బరువు, సన్‌ఫ్లవర్ వాడమని ఒకాయన చెప్పినాడు. గానుగ ఆడించుకుంటే మంచిదా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, నీ ఉత్తరం చదివి బాధేసింది. దేశంలోనే చెనక్కాయకు పేరుపడ్డ జిల్లాలో ఉండి పామాయిల్ తినాల్సి రావడం ఏంది. చెనక్కాయ నూనెలో శాచురేటెడ్ ఫ్యాట్ నూటికి ఇరవై లోపలే, మిగిలినదంతా గుండెకు పనికొచ్చే రకం. పామాయిల్‌లో శాచురేటెడ్ దగ్గర దగ్గర సగం, ప్యాకెట్లో వచ్చే పామోలిన్‌లో కొంచెం తక్కువ. నెయ్యిలో 60కి పైన, కొబ్బరి నూనెలో 80కి పైనే. సన్‌ఫ్లవర్‌లో 10, 11, కాబట్టి అది కూడా మంచిదే, కానీ దానికోసం చెనక్కాయను తిట్టాల్సిన పని లేదు. చలికాలం పొద్దున డబ్బాలు చూడు, నెయ్యి, కొబ్బరి నూనె గడ్డకట్టుకుని ఉంటాయి, చెనక్కాయ నూనె మామూలుగా పారుతుంటుంది. శాచురేటెడ్ ఎక్కువున్నవి గడ్డకడతాయి, అంతే గుర్తు.

ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే దానికి పడిపోవద్దు. చెట్టు నుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా లేదు. పెంచేది మన లివర్, పెంచమని చెప్పేది ఆ శాచురేటెడ్ ఫ్యాట్.

గానుగ ఆడించుకో, కానీ ఒక్క జాగ్రత్త. కాయ పీకే టైముకు వాన పడి తడిసిన కాయలు, బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి గానుగలో వేయొద్దు. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు చేస్తుంది, అది లివర్‌ను దెబ్బతీస్తుంది. రిఫైనరీలో చాలావరకు పోతుంది, గానుగ నూనెలో పోదు. బాగా ఎండబెట్టి, కూర్చుని చేత్తో ఏరి, మంచి గింజలే ఆడించు. ఇంట్లో ముసలోళ్లు ఉంటే ఏరే పని వాళ్లకు ఇవ్వు, వాళ్లంత బాగా ఎవరూ ఏరలేరు. ఇంకోటి, మన నూనే కదా అని కుండతో పోయొద్దు. కూర్చుని పనిచేసే మనిషికి రోజుకు 25 గ్రాములు చాలు, అంటే నలుగురి ఇంటికి నెలకు 3 కిలోలు. నువ్వు చేలో పనిచేస్తావు కాబట్టి నీకు ఇంకొంచెం ఎక్కువైనా పర్లేదు.

ప్రశ్న: మేడమ్ నాది కర్నూల్లో ఉగ్గాని బజ్జీల బండి. పామాయిల్‌లోనే వేస్తాను, వేరేది గిట్టుబాటు కాదు. రాత్రి మిగిలిన నూనె ఇంటికి తెచ్చి కూరల్లో పోస్తాను, పారబోయడానికి చేతులు రావు. మా ఇంటాయనకు బీపీ ఉంది. పర్లేదా?

జవాబు: అక్కా, పర్లేదు అని చెప్పలేను. పొద్దుటి నుంచి మరిగిన నూనె విరిగిపోయి వేరే పదార్థాలుగా మారుతుంది. 2018 జూలై నుంచి ఫుడ్ సేఫ్టీ వాళ్లు ఆ పదార్థాలకు ఒక హద్దు కూడా పెట్టారు, టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు, 25 శాతం దాటిన నూనె వాడకూడదు. నీ దగ్గర మీటర్ ఉండదు కాబట్టి కంటితో చూడు, నల్లబడినా, జిగటగా అయినా, నురగ ఎక్కువ వచ్చినా, మామూలు కంటే తొందరగా పొగ వచ్చినా దాని పని అయిపోయినట్టే. పాతదాంట్లో కొత్తది కలిపితే కొత్తది కూడా చెడుతుంది. బాండలి చిన్నది పెట్టుకో, నూనె తక్కువ పోసుకో, మాడిన పిండి పలుకులు ఎప్పటికప్పుడు జల్లిగంటెతో తీసెయ్యి, రాత్రికి మిగిలేదే తక్కువ ఉంటుంది. నష్టం అంటే నాకు తెలుసు, బండి మీద రోజుకు ఎంత మిగులుతుందో కూడా తెలుసు. కానీ ఇంటాయన కూరలోకి మాత్రం అది వద్దు. డాల్డా లాంటి వనస్పతి కూడా వద్దు. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గడ్డకట్టించేటప్పుడు పుట్టే చెడ్డ కొవ్వు) 2 శాతం మించకూడదని రూల్ వచ్చాక అది తగ్గింది, అయినా గడ్డగా ఉండే కొవ్వు కదా, శాచురేటెడ్ ఎలాగూ ఉంటుంది. బీపీకి అసలు తగ్గించాల్సింది ఉప్పు, రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, ఒక చిన్న స్పూనంత, ఊరగాయలోది కూడా దాంట్లోకే వస్తుంది.

ప్రశ్న: కడపలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా, 22 ఏళ్లు. జిమ్‌కు పోతా. కొలెస్ట్రాల్ అని గుడ్డులో పచ్చసొన పారేస్తున్నా. మా నాయనకు 44 ఏళ్లకే హార్ట్ అటాక్ వచ్చింది, చిన్నాయనకు కూడా తొందరగానే వచ్చింది, అందుకే భయం. సాయంత్రం ఆకలికి రెండు పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లు తింటా.

జవాబు: తమ్ముడూ, పచ్చసొన రోజుకు ఒకటి తిను, పారేయకు. ఒక గుడ్డులో శాచురేటెడ్ ఫ్యాట్ ఒకటిన్నర గ్రాము చిల్లరే. నువ్వు పారేయాల్సింది ఆ పఫ్. పొరలు పొరలుగా రావాలంటే గడ్డగా ఉండే కొవ్వు వేయాల్సిందే, మైదా తోడు. బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు, పామ్ ఆయిల్, పామోలిన్ అని ఉంటుంది, కింద టేబుల్లో శాచురేటెడ్ ఫ్యాట్ 100 గ్రాములకు ఎంతో వేసి ఉంటుంది. ఆకలేస్తే ఉడకబెట్టిన శనగలు, చెనిక్కాయలు, బొరుగులు తిను.

కానీ నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది గుడ్డు కాదు, నాయన వయసు. ఇందాక పైన లివర్ తలుపుల గురించి రాశాను కదా, అవి కనిపెట్టింది మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు, 1985లో నోబెల్ వచ్చింది. వాళ్లు దాన్ని కనిపెట్టింది చిన్నతనంలోనే గుండె జబ్బు వచ్చిన పిల్లలను పరీక్షించి. కొన్ని కుటుంబాల్లో ఆ తలుపులు పుట్టుకతోనే సరిగ్గా ఉండవు, తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. అలాంటి వాళ్లు ఎంత పథ్యం చేసినా, ఎంత జిమ్ చేసినా ఎల్‌డీఎల్ 190 పైనే ఉండొచ్చు, మనిషి సన్నగా ఉన్నా సరే. తిండితో కొంత తగ్గుతుంది కానీ చాలదు, మాత్ర కావాల్సిందే, చిన్న వయసులో మొదలుపెడితే చాలా మేలు. నీకు అది ఉందని అనట్లేదు, చూడకుండా వదిలేయొద్దు అంటున్నా. లిపిడ్ ప్రొఫైల్ అని రక్త పరీక్ష, ఏ ల్యాబ్‌లో అయినా చేస్తారు. ఈ నెలలోనే చేయించు. తోడబుట్టిన వాళ్లు ఉంటే వాళ్లను కూడా తీసుకుపో, ఎల్‌డీఎల్ ఎంత వచ్చిందో నాకు రాయి.