టచ్‌స్క్రీన్ మానిటర్ లోపల చెమ్మ చేరితే: అనంతపురం స్టూడియోలో నా అనుభవం

కడపలో మీకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉందని, మిక్సింగ్‌కు వాడే టచ్‌స్క్రీన్ మానిటర్ కింది మూలలో అద్దం లోపలి వైపు ఆవిరి పట్టిందని రాశారు. ఎవరూ ముట్టుకోకుండానే ఫేడర్లు (స్క్రీన్ మీద శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలు) కదులుతున్నాయని, హెయిర్ డ్రయ్యర్ పెట్టాలా, బియ్యంలో ఉంచాలా అని అడిగారు. రెండూ వద్దు. నాది అనంతపురం. మా స్టూడియోలో ఇదే ఇబ్బంది రెండుసార్లు వచ్చింది. ఒకసారి మానిటర్ పూర్తిగా బాగైంది, రెండోసారి మరక మిగిలిపోయింది. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే మీకు పని సులువవుతుంది.

ముందు మానిటర్ ఆపేయండి. బటన్ నొక్కితే చాలదు, ప్లగ్గు తీసేయాలి. టచ్ కోసం కంప్యూటర్‌కు పెట్టిన యూఎస్‌బీ కేబుల్ కూడా తీయండి, దానిలోంచి కూడా కరెంటు వెళ్తుంది. తడి ఒక్కటే ఉంటే బోర్డుకు అంత నష్టం జరగదు. తడీ కరెంటూ కలిస్తేనే రాగి గీతలు పచ్చబడి తినుకుపోతాయి. రేపే పాట ఇవ్వాలనే టెన్షన్ ఉంటే ఇంట్లో టీవీని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించి మౌస్‌తో పని కానివ్వండి. నేను ఒక జాతర పాట మిక్సింగ్ అలాగే పూర్తి చేసి ఇచ్చాను. ఇంకో మాట: ఆ ఫేడర్లు కదిలినప్పుడు ఆటోమేషన్ రైట్ మోడ్‌లో (ఫేడర్ల కదలికలను పాటతోపాటు రికార్డు చేసే పద్ధతిలో) ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ దొంగ టచ్‌లన్నీ మీ పాటలో చేరి ఉంటాయి. పాత సేవ్ కాపీ తెరిచి పోల్చి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నీళ్లు ఎక్కడివి? గాలిలోని ఆవిరి చల్లబడి పట్టిందా, బయటి నీళ్లు లోపలికి దిగాయా?

మొదటిసారి నేను నమ్మలేకపోయాను. వాన కోసం ఎదురుచూసే జిల్లా మాది, ఏప్రిల్ నెల, ఇక్కడ తేమ ఎక్కడిది అనుకున్నాను. మాకు కంట్రోల్ రూములో మాత్రమే ఏసీ ఉంది. పాడే గదిలో కూలర్ పెట్టేవాళ్లం. టేక్ నడిచేటప్పుడు చప్పుడని ఆపడం, టేక్ అయిపోగానే వేయడం. సౌండ్ బయటికి పోకుండా తలుపులకు రబ్బరు, గోడలకు రాక్‌వూల్ ప్యానెళ్లు బిగించిన గది అది. కూలర్ ఊదిన తేమ పోవడానికి దారే లేదు. కూలర్ పనిచేయాలంటే ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి, స్టూడియోలో అది కుదరదు.

మానిటర్ కన్నా ముందే రెండు గుర్తులు కనిపించాయి, నేను పట్టించుకోలేదు. తేమ పడని కండెన్సర్ మైకులో అప్పుడప్పుడు చిటపట శబ్దం వచ్చేది, కేబుల్ లోపమనుకుని రెండు కేబుళ్లు మార్చాను. మా దగ్గరికి వచ్చే మృదంగం పెద్దాయన ఒకరోజు వాయించడం ఆపి, "అబ్బయ్యా, ఈ గదిలో చెమ్మ ఉంది, శ్రుతి నిలవడం లేదు" అన్నారు. చర్మం తేమ పీల్చుకుంటే సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఆయన చెవి చెప్పింది నిజమే. మీ స్టూడియోలో కూడా ఈ రెండూ గమనించారేమో గుర్తు చేసుకోండి.

మా మానిటర్ సరిగ్గా ఏసీ గాలి తగిలేచోట ఉండేది. ఆన్‌లో ఉన్నంతసేపు అది వెచ్చగానే ఉంటుంది. భోజనానికి వెళ్తూ దాన్ని ఆపి, ఏసీ మాత్రం వదిలేసేవాళ్లం. అద్దం బాగా చల్లబడేది. తిరిగొచ్చి మధ్య తలుపు తీయగానే పాడే గదిలోని తేమతో నిండిన గాలి వచ్చి ఆ అద్దానికి తగిలేది. గాలి 32 డిగ్రీల వేడితో, 70 శాతం తేమతో ఉంటే దాదాపు 26 డిగ్రీల దగ్గరే నీరు కట్టడం మొదలవుతుంది. ఏసీ కింద అద్దం అంతకంటే చల్లగానే ఉంటుంది కదా. చాలా మానిటర్లలో టచ్ అద్దానికీ, దాని వెనక బొమ్మ చూపించే ఎల్‌సీడీ ప్యానెల్‌కూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది, అంచుల్లో టేపుతో అంటిస్తారు. ఆ ఖాళీలోకి తేమ చేరితే తొందరగా బయటికి రాదు. ఫోన్లలోలాగా అద్దం, ప్యానెల్ పూర్తిగా అతుక్కుని ఉండే రకంలో ఈ బాధ తక్కువ.

ఇలా గాలి ఆవిరి పట్టిన నీరు శుభ్రమైనది, ఆరితే మరక ఉండదు. రెండోసారి వచ్చింది వేరు. స్టూడియోలో సాయం చేసే కుర్రాడు బోరు నీళ్లు స్ప్రే సీసాలో పోసి నేరుగా స్క్రీన్ మీద కొట్టి తుడిచాడు. ధార కిందికి జారి ఫ్రేము సందులోంచి లోపలి పొరల మధ్యకు పాకింది. మన నీళ్లలో ఉప్పు ఎంతో మీకు తెలుసు, బకెట్ అడుగున తెల్లగా కడుతుంది. అదే ఉప్పు ప్యానెల్‌లోనూ మిగిలింది. కింద ఒక తెల్లని గీత ఇప్పటికీ ఉంది. తప్పు అతనిది కాదు, నేను ముందే చెప్పి ఉండాల్సింది. గుడ్డను కొద్దిగా తడిపి తుడవాలి, స్క్రీన్ మీద ఎప్పుడూ కొట్టకూడదు.

మీది ఏ రకమో ఇలా తెలుసుకోవచ్చు. మానిటర్ ఆపేయకముందు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి: మసక పొద్దున ఎక్కువగా ఉండి, మానిటర్ వెచ్చబడ్డాక తగ్గుతుంటే అది ఆవిరి. అంచు స్పష్టంగా ఉండి, మ్యాపు గీసినట్టు కనిపిస్తూ కదలకుండా ఉంటే నీళ్లు దిగాయి.

ఆవిరి అయితే ఓపిక ఒక్కటే మందు. మానిటర్‌ను నిలువుగానే ఉంచి, కూలర్ లేని గదిలో ఫ్యాను గాలి వెనక రంధ్రాలకు తగిలేలా పెట్టండి. ఎండాకాలంలో మన గాలికి మించిన సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం మా మిద్దె మీద తేమ మీటర్ 25 శాతం చూపించింది. ఎండలో మాత్రం పెట్టొద్దు. వానాకాలమైతే పెద్ద ప్లాస్టిక్ కవరులో మానిటర్, పక్కన సిలికా జెల్ పెట్టి మూతి కట్టేయండి. కాలేజీ ల్యాబ్‌లకు సామాన్లు అమ్మే షాపుల్లో నీలం రంగు గింజలు దొరుకుతాయి, తేమ పీలిస్తే గులాబీ రంగుకు మారతాయి. మారగానే కొత్తవి పెట్టాలి. నాకు నాలుగు రోజులు పట్టింది. రెండో రోజే బాగైనట్టు కనిపించినా ఆన్ చేయకండి.

బియ్యం వల్ల దుమ్ము తప్ప లాభం లేదు. హెయిర్ డ్రయ్యర్ సంగతి ధర్మవరంలో నా మిత్రుడికి జరిగింది. లోపల వెలుతురును పరిచే పల్చని షీట్లు వేడికి ముడతలు పడ్డాయి, ఇప్పుడు స్క్రీన్ మీద అలల్లా నీడలు కనిపిస్తాయి. ఓపికగా ఆరబెట్టి ఉంటే ఆ మసక దానంతటదే పోయేది.

వెనక మూత మీరే విప్పకండి. పవర్ సప్లై లోపలే ఉన్న మానిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. నీళ్లు దిగిన రకమైతే ప్యానెల్ విప్పి శుభ్రం చేసే చేయి తిరిగిన మనిషి కావాలి. నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డు దాకా తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ బోర్డు మీది ఉప్పును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి టచ్ మామూలుగా పనిచేసేలా చేశాడు, షీట్ల మీది గీతను మాత్రం ముట్టుకోనన్నాడు.

ఆరాక కూడా టచ్ తనంతట తానే కదిలితే, విండోస్ డివైస్ మేనేజర్‌లో టచ్ స్క్రీన్‌ను డిసేబుల్ చేసి మామూలు మానిటర్‌గా వాడుకోవచ్చు.

మా దగ్గర కూలర్ తీసేసి పాడే గదికి కూడా ఏసీ గాలి వచ్చేలా డక్టు వేయించాను. మానిటర్‌ను ఏసీకి ఎదురు లేకుండా జరిపాను. గోడకు చిన్న తేమ మీటర్ తగిలించాను, 55 శాతం దాటితే చూసుకుంటాను. మైకు చిటపటలు కూడా ఆ తర్వాత రాలేదు.

మీ మానిటర్ మోడలు, ఏసీ ఏ వైపు ఉందో, గదిలో కూలర్ వాడుతున్నారో లేదో రాయండి. వీలైతే ఆపేసిన స్క్రీన్ మీద పక్క నుంచి టార్చి వేసి ఒక ఫోటో పెట్టండి, ఏ పొరలో ఉందో చాలా వరకు దానిలో తెలిసిపోతుంది.